కొవ్వులో క్లోమం వెతికిన రోజులు

నా వయసు ముప్పై అయిదు. ఎలుకల పని నుంచి రిటైరయ్యాను. ఈ మాట అంటే బంధువులు నవ్వుతారు. కానీ బ్రాడీపేటలో ఛాతీ డాక్టరు గారు పరీక్షలన్నీ చూసి చెప్పింది అదే. "మీకు ఎలుకలు పడవండీ. వాటి మూత్రంలో ఉండే ప్రోటీన్ మీ ఊపిరితిత్తులకు పడట్లేదు. ఆ గదిలోకి మళ్లీ వెళ్లకండి." మా పనిలో ఇది వింత జబ్బు కాదు. ఏళ్ల తరబడి ఎలుకల మధ్య ఉండేవాళ్లలో కొందరికి వస్తుంది. నాకు తుమ్ములతో మొదలై ఆయాసం దాకా వచ్చింది. ఇప్పుడు మంగళగిరిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో మనుషుల బయాప్సీ ముక్కలు కోస్తున్నాను. జీతం కాస్త ఎక్కువే, తుమ్ములు లేవు.

నేను వదిలిన పని ఇది: షుగరు తెప్పించిన ఎలుకల నుంచి, కొవ్వు మేతతో లావెక్కించిన ఎలుకల నుంచి క్లోమం తీయడం, మైనం పోసి బ్లాకుగా చేయడం, పల్చటి పొరలుగా కోయడం, రంగులు వేయడం, అందులోని ఐలెట్లు ఎలా ఉన్నాయో మైక్రోస్కోపు కింద చూడడం. ఐలెట్లంటే చిన్న చిన్న కణాల ముద్దలు, ఇన్సులిన్ తయారయ్యేది వాటిలోనే. పనిచేసింది ఒక ఫార్మసీ కాలేజీలో. పేరు అవసరం లేదు.

కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తారు. ఏ పుస్తకం చదవాలి, ఏ కంపెనీ రంగు మంచిది అని అడుగుతారు. పుస్తకాల్లో ఉన్నది పుస్తకాల్లో చదువుకోండి. అక్కడ లేనిది రాస్తాను.

ముందు ఆ అవయవం గురించి

పాఠ్యపుస్తకంలో క్లోమం బొమ్మ ఆకులా ముచ్చటగా ఉంటుంది. అది మనిషిది. ఎలుక క్లోమం అలా ఉండదు. చిరిగిన దోమతెర ముక్కలా పేగుల మధ్య పరుచుకుని ఉంటుంది. ఒక కొస జీర్ణాశయం దాటగానే వచ్చే పేగు మెలికలో, అంటే ఆంత్రమూలంలో, అంటుకుని ఉంటుంది. రెండో కొస ప్లీహం దాకా పోతుంది. రంగు లేత గులాబీ. చుట్టూ ఉన్న కొవ్వూ దాదాపు అదే రంగు. ఏది కొవ్వో ఏది క్లోమమో తెలియనప్పుడు ఒక ముక్క ఉప్పునీళ్లలో వేయండి. కొవ్వు తేలుతుంది, క్లోమం మునుగుతుంది.

ఇంకో సంగతి. అన్నాన్ని అరిగించే రసాలు తయారయ్యేది అక్కడే కాబట్టి, రక్తం ఆగిన క్షణం నుంచి క్లోమం తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. కాలేయం మీరు ఫోన్ మాట్లాడి వచ్చేదాకా ఆగుతుంది. క్లోమం ఆగదు.

ఆరోగ్యంగా ఉన్న ఎలుక ఐలెట్ గుండ్రంగా, చుట్టుపక్కల కణాల కంటే పాలిపోయి కనిపిస్తుంది. లోపలంతా ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు. వాటి చుట్టూ ఆల్ఫా కణాలు, మంగళగిరి చీర అంచులా సన్నగా. మందిచ్చి షుగరు తెప్పించిన ఎలుకలో బీటా కణాలు రాలిపోతాయి. ఐలెట్ ముడుచుకుపోతుంది. అంచున ఉండాల్సిన ఆల్ఫా కణాలు ఖాళీ అయిన మధ్యలోకి వచ్చేస్తాయి. లావెక్కిన ఎలుకలో కథ వేరు. ఒంటికి ఇన్సులిన్ సరిపోక బీటా కణాలు పెరుగుతాయి, ఐలెట్ ఉబ్బుతుంది, గుండ్రటి రూపు పోతుంది. ఇంకా ముదిరితే మధ్యలో నార పోగులు పడతాయి.

ఇంతే తెలిస్తే పని మొదలుపెట్టొచ్చు. నేను ఇంతతోనే మొదలుపెట్టాను.

పరంధామయ్య సార్

మా ల్యాబ్ పెద్ద పరంధామయ్య గారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. చేరిన కొత్తలో ఒక అందమైన ఐలెట్ ఫొటో తీసి ఆయనకు చూపించాను.

"బాగుందయ్యా. ఈ స్లైడు మీద ఇలాంటివి ఎన్నున్నాయి?"

"ఇదొక్కటే నీట్‌గా వచ్చింది సార్."

"అయితే ఇది ఫొటో. ఫలితం కాదు. క్యాలెండర్లో వేసుకో."

ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో మొదటిది అది. స్లైడు మీద ఏది ఏ గుంపుదో తెలియకుండా అంకె మాత్రమే వేసి కొలవడం రెండోది. మా ల్యాబులో చాలామంది కొలవడం అయ్యాక అంకెలు వేసేవాళ్లు. ఆయన ఊరుకునేవారు కాదు.

ఆయన పద్ధతులు ఇంకో రెండు చెప్పాలి, తర్వాత జరిగినదంతా వాటివల్లే కాబట్టి. ఒకటి, "మొదట దొరికింది మొదట." పొట్ట తెరవగానే క్లోమంలో ఏ ముక్క స్పష్టంగా కనిపిస్తే దాన్ని ముందు ఫార్మలిన్‌లో వేయాలి, బ్లాక్ దానితోనే చేయాలి. నేను చేరకముందు ఎవరో అవయవం మొత్తం నీట్‌గా తీద్దామని తాపీగా కూర్చుంటే, ఒక బ్యాచ్ బ్యాచే అరిగిపోయి స్లైడు మీద మసకమసకగా మిగిలిందట. అప్పట్నుంచి ఈ రూలు. రెండోది, మిగిలిన ముక్కలు, వాటి చుట్టూ ఉన్న కొవ్వుతో సహా, పారేయకూడదు. ఏ ఎలుకవి ఆ ఎలుకవిగా జాడీల్లో వేసి స్కాలర్ వైవా అయ్యేదాకా ఉంచాలి. మేం వాటిని ఊరగాయ జాడీలనేవాళ్లం. సార్ వినబడనట్టు ఉండేవారు.

ఆయన లోపం కూడా చెబుతాను. ఎలుకను కోస్తున్నప్పుడు ఎవరైనా ప్రశ్న వేస్తే సహించేవారు కాదు. "ముందు చెయ్యి ఆడించు, తర్వాత నోరు" అనేవారు. తర్వాత అడగడం ఎవరికీ గుర్తుండేది కాదు.

మాధవి గారి ఎలుకలు

మాధవి గారు మా కాలేజీలోనే లెక్చరరు. పిహెచ్‌డీ లేకుండా చేరారు. పిహెచ్‌డీ పూర్తయితేనే ఉద్యోగం ఖాయమవుతుందని చేర్చుకునేటప్పుడే చెప్పారు. యూనివర్సిటీ ఇచ్చిన గడువు ఒకసారి పొడిగించారు. మళ్లీ పొడిగించరని ఉత్తరం కూడా వచ్చింది. సార్‌కు ఆవిడే ఆఖరి స్కాలరు.

ఆవిడ ప్రశ్న మన ప్రాంతానికి తగినదే. కొవ్వు మేతతో లావెక్కిన ఎలుకలకు మేతలో మిరప్పొడి కలిపితే వాటి ఐలెట్ల మీద ఏమైనా ప్రభావం ఉంటుందా? ఒక గుంపుకు ఉత్త కొవ్వు మేత, ఇంకో గుంపుకు అదే మేతలో కారం. మిరపకాయ పర్చూరు దగ్గర మా పొలం నుంచే తెచ్చాను. దానికోసం నాన్నకు ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఎలుకలకు పెట్టడానికి కాయ కావాలా?"

"రీసెర్చి నాన్నా."

"మంచి కాయ పంపనా, తాలుకాయ పంపనా?"

"మంచిదే పంపు."

"మిర్చి యార్డులో అంత మర్యాద మాకు జరగదు" అని ఫోన్ పెట్టేశాడు.

ఎలుకలు మొదటివారం ఆ మేతను కాళ్లతో చిమ్మి ఊకలో కలిపేశాయి. సార్ పంజరాల ముందు నిలబడి చూసి, "హైదరాబాదు నుంచి తెప్పించిన ఎలుకలయ్యా. మన కారం అలవాటు కావద్దూ" అన్నారు. కొన్నాళ్లకు తినడం మొదలుపెట్టాయి గానీ, ఉత్త కొవ్వు మేత గుంపు తిన్నంత ఎప్పుడూ తినలేదు. ఆ సంగతి రాసుకున్నాం, పెద్దగా పట్టించుకోలేదు.

ప్రయోగం ముగిసి ఎలుకలను చంపి కోసేనాటికి తేడా కళ్లకే కనిపించింది. ఉత్త కొవ్వు మేత ఎలుక పొట్ట తెరిస్తే పేగులే కనబడవు, అంతా కొవ్వు. కారం తిన్నది సన్నగా ఉంది. మాధవి గారు, నేను పక్కపక్కన కూర్చుని కోశాం. రూలు ప్రకారం మొదట దొరికింది మొదట తీశాం.

స్లైడ్ల కొలతలు అయ్యాయి. ఏ అంకె ఏ గుంపుదో రాసి దాచిన కాగితం సార్ బీరువాలోంచి తీశారు. ఉత్త కొవ్వు మేత గుంపులో ఐలెట్లు పెద్దవి, ఎక్కువ, ఆల్ఫా అంచు మందంగా ఉంది. కారం గుంపులో చిన్నవి, తక్కువ, ఆల్ఫా కణాలు కూడా అంతంతమాత్రం. రెండు గుంపుల అంకెలు ఒకదానితో ఒకటి కలవనే లేదు. మాధవి గారు ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ టీలు చెప్పారు. సార్ ఎవరితోనో ఫోన్లో, "అవునండీ, మన మిరపకాయే" అంటూ వరండాలో అటూ ఇటూ తిరిగారు.

అంచు

థీసిస్ రాయడం సగం అయింది. ఫొటోలకు స్లైడ్లు ఎంచుకుందామని ఆవిడ, నేను రెండు తలల మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నాం. కాగితం ఆవిడ చేతిలో ఉంది. కాగితం చూడకుండా స్లైడు ఏ గుంపుదో నేను చెప్పాలని సరదాకి మొదలుపెట్టాం.

"కారం" అన్నాను.

"రైటు."

"కొవ్వు."

"రైటు. ఇది?"

"కారం."

"రైటు. జాతకాలు కూడా చెప్తావా రవీ?"

"చెప్తాను మేడమ్. మీ థీసిస్ ఈ నెలలో అయిపోతుంది."

"నీ నోట్లో పంచదార పొయ్య. ఇది చెప్పు."

"కొవ్వు."

ఆవిడ కాగితం కింద పెట్టారు. "రైటే. కానీ ఇంకా ఐలెట్ రాలేదుగా. ఏం చూసి చెప్పావు?"

నాకు వెంటనే తెలియలేదు. కన్ను దేన్నో చూసింది, నేను దానికి పేరు పెట్టలేదు. స్లైడు మళ్లీ అంచు దాకా జరిపాను.

"ఇదుగో మేడమ్, చివర్న ప్లీహం ముక్క అంటుకుని ఉంది. కొవ్వు వాటికి ఇలా ఉంటుంది."

"మరి కారం వాటికి?"

"పేగు గోడ ఉంటుంది."

"అన్నిటికీనా?"

ఇద్దరం ట్రే మొత్తం వరుసగా చూశాం. ఈసారి ఐలెట్ల వైపు చూడనేలేదు, అంచులే చూశాం. ఒకటి రెండు తప్ప అన్నీ అలాగే ఉన్నాయి.

ఏం జరిగిందో ఆవిడే కాగితం మీద బొమ్మ గీసి నాకు చెప్పారు. సన్నటి ఎలుకలో పొట్ట తెరవగానే పేగు మెలిక, దానికంటిన క్లోమం ఎదురుగా కనిపిస్తాయి. కాబట్టి మొదట అదే తీశాం. లావు ఎలుకలో ఆ వైపంతా కొవ్వులో కూరుకుపోయి ఉంటుంది. ప్లీహం ఎర్రగా తెలుస్తుంది గనక దాన్ని పట్టుకుని ఎత్తి, దానికంటిన కొస తీశాం. మామూలు ఎలుకలో కూడా ప్లీహం వైపు ఐలెట్లు ఎక్కువ, పెద్దవి. ఆల్ఫా కణాలు కూడా అటే ఎక్కువ. పేగు వైపు తక్కువ. అంటే మేం కొలిచింది కారం చేసిన పనా, కత్తెర పెట్టిన చోటా?

స్లైడ్లకు గుంపు పేరు దాచాం. కానీ కోసేటప్పుడు ఏది లావు ఎలుకో దాచలేం కదా. ఇది ఈ పనిలో ఉన్నవాళ్లకే జరిగే పొరపాటు. పద్ధతి తెలియనివాడు చేయలేడు. వాడికి ముక్కే దొరకదు.

సార్ గదిలో

మర్నాడు పొద్దున మాధవి గారు ఆ బొమ్మ తీసుకుని సార్ గదికి వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. సార్ బొమ్మను చాలాసేపు చూశారు. ఆయనకు అర్థం కావడానికి అంతసేపు పట్టదు.

"ఇది ఎవరడిగారమ్మా?"

"ఎవరూ అడగలేదు సార్."

"ఎగ్జామినరు కూడా అడగడు. స్లైడు చివరిదాకా ఎవడూ చూడడు."

"నేను చూశాను కదా సార్."

సార్ నావైపు తిరిగారు. "నువ్వేమంటావు?"

"అన్ని స్లైడ్లూ చూశాం సార్" అన్నాను. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

"గడువు గుర్తుందా తల్లీ? కొత్త ఎలుకలు కావాలంటే ఎథిక్స్ కమిటీకి పెట్టాలి. వాళ్లు కూర్చోవాలి, ఒప్పుకోవాలి. ఎలుకలు లావెక్కాలి. ఈలోపు నీ గడువు పోతుంది. నీ కుర్చీలో కూర్చోవాలనుకునేవాళ్లు డిగ్రీలు పట్టుకుని ఆఫీసు బయట నిలబడున్నారు, తెలుసా?"

"తెలుసు సార్. అందులో ఒకమ్మాయికి నేనే పాఠం చెప్పాను. ఎలుకలు అక్కర్లేదు. జాడీలున్నాయిగా."

సార్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "మళ్లీ కోస్తే ఫలితం పోతే?"

"పోయిందని రాస్తాను."

"పోయిందని రాసి డిగ్రీ తెచ్చుకున్నవాళ్లను చూశావా?"

"లేదు సార్. మీరు చూశారా?"

"నేనూ చూడలేదు" అన్నారు. తర్వాత నావైపు చూసి, "ఇంకా కూర్చున్నావేం? వెళ్లి మైనం కరిగించు" అన్నారు.

ఈ సంగతి చెబితే కొందరు ఆయన్ని గొప్పవాడంటారు, కొందరు దాచిపెట్టమన్నాడని తప్పుపడతారు. నా అభిప్రాయం రెండూ కాదు. ఆయన ఒక పూట తప్పువైపు వాదించారు. ఓడిపోయాక అడ్డుపడలేదు. మీకు దొరికే పెద్దలు చాలామంది ఇలాగే ఉంటారు. ఎదురుగా కూర్చుని ఎవరో ఒకరు వాదించాలి, అంతే.

జాడీలు

ఫార్మలిన్‌లో ఏడాది ఊరిన కొవ్వు పేరుకున్న వనస్పతిలా పసుపుగా, గట్టిగా ఉంటుంది. అందులో క్లోమం వెతకడం మామూలు పని కాదు. కొంచెం కొంచెం చీల్చడం, అనుమానం వచ్చిన ముక్కను నీళ్లలో వేయడం, తేలితే తిరిగి జాడీలో వేయడం, మునిగితే దాచడం. అప్పటికే నాకు ఎలుకల గదిలో ఆయాసం మొదలైంది. అందుకే జాడీలు బయట ల్యాబులోకి తెప్పించుకున్నాం. మాధవి గారు క్లాసులు చెప్పొచ్చి గ్లౌజులు వేసుకునేవారు.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: రెండు గుంపుల్లోనూ రెండు కొసలూ తీయాలి. ప్లీహం వైపుతో ప్లీహం వైపు, పేగు వైపుతో పేగు వైపు పోల్చాలి. పాత బ్లాకుల జోలికి పోకూడదు, ఎందుకంటే అవి అంతకాలం ఫార్మలిన్‌లో నానలేదు. నానినదానికి, నాననిదానికి రంగు ఒకేలా పట్టదు. అన్నీ జాడీల్లోవే కావాలి. ఒక లావు ఎలుక జాడీలో పేగు వైపు ముక్క ఎంత వెతికినా కనబడలేదు. "ఇదేదో అలాంటిదే" అని ఒక ముక్క చూపించాను. ఆవిడ నీళ్లలో వేశారు. తేలింది. "దొరకలేదు అని రాయి" అన్నారు.

రంగులు ముందు సరిగ్గా పట్టలేదు. రంగు వేసేముందు పొరలను నీళ్లలో ఉడికించే సమయం మార్చి మార్చి చూస్తే పట్టాయి. సార్ ఈసారి కొత్త అంకెలు వేసి, కాగితం తన దగ్గరే పెట్టుకున్నారు. స్లైడు అంచులు కనబడకుండా నల్ల టేపు కూడా ఆయనే అంటించారు.

ఫలితం పోయింది. రెండు గుంపుల్లోనూ ఐలెట్లు ఉబ్బే ఉన్నాయి. ప్లీహం వైపు రెండింటిలోనూ పెద్దవి, పేగు వైపు రెండింటిలోనూ చిన్నవి. కారం గుంపులో కాస్త చిన్నగా ఉన్నమాట నిజమే. కానీ ఆ కాస్తా కారం వల్లో, కారానికి భయపడి ఆ ఎలుకలు తక్కువ తిన్నందువల్లో చెప్పే దారి లేదు. మాధవి గారు లెక్కలు రెండుసార్లు చూసి, లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చారు. వచ్చి పాత అధ్యాయం తెరిచి మొదటి వాక్యం నుంచి కొట్టేయడం మొదలుపెట్టారు.

పాత ఫలితాన్ని ఆవిడ దాచలేదు. పక్కపక్కనే రెండూ పెట్టారు: ఇలా కోస్తే ఇలా కనిపించింది, సరిగ్గా కోస్తే ఇలా. గడువుకు కాస్త ముందు థీసిస్ వెళ్లింది. ఆ తర్వాత కాలేజీలో ఆవిడను చూసి మాటలు ఆపేసేవాళ్లు ఎక్కువయ్యారు.

వైవా

ఎగ్జామినరు విశాఖ వైపు నుంచి వచ్చారు. పెద్దాయన, ఈ ఎలుకల మీదే ఎన్నో పేపర్లు వేసిన మనిషి. హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. మాధవి గారు బోర్డు మీద ఎలుక క్లోమం గీసి, రెండు చోట్ల గీతలు పెట్టి, "లావు ఎలుకల్లో మేం ఇక్కడ కోశాం, ఇక్కడ కోయలేదు. ఎందుకంటే ఇక్కడ కొవ్వు అడ్డం వచ్చింది" అన్నారు.

పెద్దాయన థీసిస్ పేజీలు వెనక్కీ ముందుకూ తిప్పారు.

"మరి కారం వల్ల ఉపయోగం లేదంటారు?"

"లేదని అనట్లేదండీ. ఉందని నేను చూపించలేకపోయానంటున్నాను."

"ఇన్నేళ్లు పనిచేసి?"

"అవునండీ."

సార్ ముందు వరసలో కదలకుండా కూర్చున్నారు. పెద్దాయన బోర్డు దగ్గరికి వెళ్లి, ఆ రెండు గీతలనూ దగ్గర్నుంచి చూశారు. ప్లీహం వైపు గీత మీద వేలు పెట్టారు.

"లావు ఎలుకల్లో మేమూ ఇక్కడే తీస్తాం" అన్నారు. ఎవరితో అన్నారో తెలియలేదు. "మా పిల్లలంతా ఇక్కడే తీస్తారు. పేగు వైపు కొవ్వులోంచి తాజాగా తీయడం మీకు చేతనవుతుందా?"

"ఇప్పుడు చేతనవుతుందండీ."

"చూపిస్తారా?"

వైవాలో ఇలాంటిది నేను వినలేదు. ఆ పూట ప్రాక్టికల్ క్లాసు కోసం అప్పుడే చంపిన లావు ఎలుక ఒకటి ఉంది. అందరూ ఎలుకల గది వైపు నడిచారు. నేను తలుపు బయటే ఆగిపోయాను. డాక్టరు గారు గట్టిగా చెప్పిన కొత్త. తలుపు పైభాగం అద్దం, కింద కొంచెం సందు. లోపల మాటలు వినిపిస్తున్నాయి.

పెద్దాయన కోటు విప్పి గ్లౌజులు వేసుకున్నారు. మాధవి గారు పొట్ట తెరిచి, ప్లీహం జోలికి పోకుండా, జీర్ణాశయం పక్కకు తప్పించి, పేగు మెలికను వేళ్లమీదికి తీసుకుని, దాని వెంబడే కొవ్వును కొద్దికొద్దిగా విడదీశారు. తీసిన ముక్క నీళ్ల గిన్నెలో వేశారు. పెద్దాయన గిన్నె మీదికి వంగారు. మునిగినట్టుంది, ఆయన తలూపారు.

"నన్నొకసారి చేయనివ్వండి" అని ఆయన కత్తెర అందుకున్నారు. కాసేపటికి ఆయన చెయ్యి కొవ్వులో ఆగిపోయింది. సార్ నోరు తెరిచి ఏదో అనబోయి మానుకున్నారు.

"ఇక్కడ దారి పోయింది నాకు" అన్నారు పెద్దాయన తల ఎత్తకుండానే. "ఆ పేగు చివర కాస్త పైకెత్తి పట్టుకోండి, డాక్టర్ గారూ."

మాధవి గారు వెంటనే కదల్లేదు. ఆ పిలుపు ఎవరికోనని పక్కనున్న సార్ వైపు చూశారు. సార్ చేతులు వెనక్కి కట్టుకుని, ఆవిడ వైపే చూస్తున్నారు. అప్పుడు ఆవిడ వంగి, పేగు చివర పట్టుకుని పైకెత్తారు.